షెడ్యూల్లో రాయని ఖాతా

12 జనవరి 1965, మంగళవారం

ఇవాళ కరీంనగర్ కోర్టులో ఐ.పి. దాఖలైంది. దివాలా అనే మాట వకీలు రామచంద్రం ఒక్కసారి కూడా వాడలేదు. పిటిషన్ అంటాడు, కాగితం అంటాడు. ఆయన మర్యాద అది. సిరిసిల్లలో మాత్రం నేను బస్సు దిగేసరికే ఆ మాట నాకంటే ముందు చేరి ఉంది.

అప్పు మొత్తం పద్దెనిమిది వేల ఆరు వందలు. షోలాపూర్ నూలు వ్యాపారికి పదకొండు వేలు. మిగిలింది ఊళ్లోనే, అందులో సగానికి పైగా వడ్డీకి అప్పులిచ్చే రాజంది. ధర పెరుగుతుందని నమ్మి నలభై బేళ్ల నూలు అరువు మీద తెచ్చాను. దించిన నెలకే ధర పడిపోయింది. అంతే కథ.

షెడ్యూలు అని ఒక కాగితం ఉంటుంది. మనకున్నవన్నీ అందులో రాయాలి. ఇంట్లో సగం వాటా, షెడ్డులోని పన్నెండు మగ్గాలు, దుకాణంలో మిగిలిన నూలు, వెండి, చివరికి రాగి కాగు కూడా. రామచంద్రం ఒక్కొక్కటే అడుగుతూ రాసుకున్నాడు.

"బ్యాంకుల ఖాతా ఏమన్న ఉన్నదా?"

"లేదు వకీల్ సాబ్."

"పోస్టాఫీసుల?"

"లేదు."

సంతకం పెట్టాను. 

13 జనవరి

నేను అబద్ధం చెప్పలేదు. కరీంనగర్ బ్యాంకులో ఆ ఖాతా నా పేరు మీద ఉన్నది గానీ, అందులో ఉన్నది నా డబ్బు కాదు. తెరవడానికి వేసిన ఐదు రూపాయలే నావి. నాలుగు వందలు భూమవ్వవి.

ఆమె మగడు కొమురెల్లి నా షెడ్డులోనే నేసేవాడు. ఎక్కువ కూలి వస్తుందని షోలాపూర్ మిల్లుకు పోయి, ఏడాది తిరక్కుండా అక్కడే చనిపోయాడు. మిల్లు వాళ్లు పంపిన మనియార్డరు నా పేరు మీద వచ్చింది, సిరిసిల్లలో మిల్లు వాళ్లకు తెలిసిన అడ్రసు నాదొక్కటే కనుక. ఉత్తరం ఇంగ్లీషులో ఉంటే భూమవ్వకు చదివి చెప్పింది నేనే. ఆమె ఆ రోజు చెప్పిన మాట ఇంకా గుర్తుంది.

"ఇంట్ల పెడితే చుట్టాలు ఉండనియ్యరు సేటు. నీ తానే ఉండనీ. నాకు అక్కెర పడ్డనాడు అడుగుత."

షెడ్యూల్లో రాస్తే ఏమవుతుంది? కోర్టు వేసిన రిసీవరు తీసుకుపోయి అప్పులవాళ్లందరికీ పంచుతాడు. రూపాయికి మూడణాలు రావచ్చునని రామచంద్రం అంచనా. రాజం వెనుక వరసలో నిలబడి భూమవ్వ మూడణాల చొప్పున తెచ్చుకోవాలా? కనుక నేను చేసింది ఆమె మేలు కోసమే.

20 జనవరి

దుకాణానికి రిసీవరు తాళం వేశాడు. తాళం వేసేటప్పుడు బజారులో ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో.

29 జనవరి, శుక్రవారం

కరీంనగర్ వెళ్లాను. బ్యాంకులో ముప్పై తీశాను. రామచంద్రం ఫీజు బాకీ ఉంది. ఆయన ఊరుకుంటే నా కాగితం ముందుకు కదలదు. కాగితం కదలకపోతే భూమవ్వ డబ్బుకూ ముప్పే. ఆ లెక్కన చూస్తే ఇది ఆమె పనికే ఖర్చయింది.

ఉగాదిలోగా తిరిగి వేస్తాను. వడ్డీతో సహా.

14 ఫిబ్రవరి

అన్నం వడ్డిస్తూ కమల అడిగింది. "ఏమయ్యా, బియ్యం ఎక్కడియి? దుకాణం బందు వెట్టి మూడు వారాలాయె."

పాత బాకీ ఒకటి వసూలైందని చెప్పాను.

"ఎవరిచ్చిండ్రు?"

"వేములవాడ ఆయన."

ఆమె ఇంకేమీ అడగలేదు. వేములవాడలో నాకు బాకీ ఉన్నవాళ్లెవరూ లేరని ఆమెకు తెలుసేమో. పదిహేనేళ్లుగా నా పక్కన కూర్చుని నూలు కట్టలు లెక్కపెట్టిన మనిషి.

22 ఫిబ్రవరి

మార్కండేయ గుడి చందాకు వచ్చారు. ప్రతి ఏడూ ఇరవై అయిదు ఇస్తాను. నా గుమ్మం ముందుకు వచ్చి, అడగకుండా దాటిపోబోయారు. పిలిచి మరీ ఇచ్చాను.

వాళ్లు తీసుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇవ్వకపోతే ఏమనుకునేవారో. ఇచ్చినందుకు ఏమనుకున్నారో.

అది మొన్న తీసిన దానిలోనిదే. మొన్న తీసినట్టూ, అంతకుముందు బియ్యానికి తీసినట్టూ ఇక్కడ రాయలేదు.

9 మార్చి

కరీంనగర్ వెళ్లి వచ్చాను. నలభై. హోటల్లో పూరీ తిన్నాను, రెండు ప్లేట్లు. తింటున్నంతసేపూ దివాలా గుర్తు రాలేదు.

18 మార్చి, గురువారం

కోర్టులో ఇవాళ నన్ను బోనెక్కించారు. దేవుని మీద ప్రమాణం, కోర్టు మాటలో హలఫ్, చేయించారు. రాజం తరఫు వకీలు బక్కపలచని మనిషి, గొంతు మాత్రం పెద్దది. నగలు అడిగాడు, భూమి అడిగాడు, బావమరుదుల పేర్లు అడిగాడు.

"బ్యాంకు ఖాతా?"

"లేదు."

"సోచాయించి చెప్పు. హలఫ్ మీద ఉన్నవ్."

"లేదు."

జడ్జి గారు తల వంచుకుని రాసుకున్నారు. రాజం బల్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. అతని తప్పేమీ లేదు. అతని డబ్బే పోయింది. అయినా అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతున్నది. అప్పు పడ్డవాడికి అప్పిచ్చినవాడి మీద కోపం ఎందుకు వస్తుందో తెలియదు.

2 ఏప్రిల్

పండుగ పచ్చడి చేసింది కమల. బెల్లం తక్కువ.

ఉగాదిలోగా అన్నాను. దసరాలోగా వేస్తాను.

27 ఏప్రిల్

కరీంనగర్ వెళ్లి వచ్చాను.

19 మే

కరీంనగర్ వెళ్లి వచ్చాను. ఎండ.

20 మే

పాసుబుక్కు తెరిచి చూడటం మానేశాను. అందులో ఏముందో నాకు తెలుసు కదా, చూడటం ఎందుకు.

7 జూన్, సోమవారం

షెడ్డు తలుపుకు వేలం నోటీసు అంటించారు. పన్నెండు మగ్గాలు, విడివిడిగా, జూలై పన్నెండు పొద్దున పది గంటలకు. జనం గుంపుగా చదివారు. చదవనివాళ్లు చదివించుకున్నారు.

8 జూన్

భూమవ్వ వచ్చింది.

గుమ్మం దగ్గరే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. కమల మంచినీళ్లు ఇచ్చింది. ఎందుకు వచ్చిందో ముందే తెలిసినట్టు నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"సేటు, మగ్గాలు వేలం వేస్తరట."

"ఔను భూమవ్వా. నా చేతుల ఏం లేదిగ."

"తలుపు కాడి నుంచి మూడోది మా ఆయన నేసినది. ఆయన పోయినంక నేనే నేస్తున్న. ఆడిది మగ్గం ఎక్కుడేందని ఎందరన్నా నువ్వు ఒక్క మాటనలే. గా మగ్గం నేను కొంట."

నేను చెంబు పక్కకు జరిపాను.

"వంద లోపలనే పోతదన్నరు. నాకాడ నాలుగొందలున్నయి గద. ఒక మగ్గం, ఇంత నూలు. ఎవ్వల కింద చెయ్యకుంట నేసుకుంట." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీకు గిట్ల అయినందుకు నాకు రంధే సేటు. గని మగ్గం పరాయోని పాలు గాకుంట ఉంటది, సూడు."

"వారం రోజుల్ల తెచ్చిస్త," అన్నాను.

ఆమె వెళ్లాక కమల చెంబు తీసుకుంటూ, "నాలుగొందలేంది?" అని అడిగింది.

నేను బయటికి వెళ్లిపోయాను. మానేరు వాగు దాకా నడిచి వచ్చాను.

9 జూన్, బుధవారం

బ్యాంకుకు వెళ్లాను. ఉన్నదంతా తీసి ఆమెకు ఇచ్చేద్దామనుకున్నాను. తక్కువైన దానికి ఏదో ఒకటి చెప్పవచ్చు. మగ్గం వరకైతే సరిపోతుంది కదా.

గుమాస్తా గంగయ్య నన్ను ఎరుగును. ఎప్పుడూ నిలబడి పలకరించేవాడు. ఇవాళ కూర్చునే ఉన్నాడు.

"సేటు, నీ ఖాతా బంద్ అయింది."

"ఎందుకు?"

"రిసీవర్ సాబ్ అన్ని బ్యాంకులకు చిట్టీ రాసిండు, గీ పేరున ఖాతా ఉంటే తెలుపుమని. మా మేనేజర్ సాబ్ నిన్ననే జవాబు రాసిండు." గొంతు తగ్గించాడు. "నువ్వు ఐ.పి. పెట్టినవని నాకు ఎరుకలేకపాయె. ఎరుకైతే నెల నెల తియ్యనియ్యకపోదును."

ఎంత ఉన్నదని అడిగాను. నూట ఎనభై తొమ్మిది అన్నాడు. అందులో ఐదు నావి. అంటే ఆమెవి నూట ఎనభై నాలుగు. రెండు వందల పదహారు నేను తిన్నాను. ఇప్పటిదాకా కూడిక వేసుకోలేదు.

అక్కడి నుంచి రామచంద్రం ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. 

"నా ముంగట లేదన్నవ్. జడ్జి ముంగట లేదన్నవ్. ఆస్తి దాచినవని జేలు వేస్తరు దశరథం, ఎరుకేనా?"

"ఆస్తి నాది కాదు వకీల్ సాబ్. భూమవ్వది."

"ఆమెదైతే నువ్వెందుకు తిన్నవ్?"

 ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఒకటే తోవ ఉన్నదన్నాడు. తీసిన ప్రతిసారీ ఆ డబ్బు భూమవ్వకే ఇచ్చినట్టు ఆయా తేదీలతో రసీదులు రాసి ఆమె వేలిముద్ర వేయిస్తే, ఖాతా మొదటి నుంచీ ఆమెదే అవుతుంది. నేను దాచింది ఏమీ ఉండదు. మిగిలింది ఆమెకు వస్తుంది.

"నేను చెప్పిన్నని ఎక్కడ అనకు," అన్నాడు.

11 జూన్

భూమవ్వ వేలిముద్రలు వేసింది. ఆరు కాగితాలు.

12 జూన్

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

ఆమె నూలు ఆరబెడుతోంది. బ్యాంకు డబ్బు రావాలంటే ఈ కాగితాలు కావాలన్నాను. తడి చేయి చీరకు తుడుచుకుని, "యాడ పెట్టాలె సేటు?" అని అడిగింది. చూపించాను. సిరా బొటనవేలికి నేనే రాశాను. నేత పని చేసే వేలు, కొస అరిగి ఉంది, ముద్ర సరిగా పడలేదు. రెండోసారి ఒత్తించాను.

"ఆరు ఎందుకు?" అంది.

"బ్యాంకోళ్ల కాయిదా."

నాకు టీ ఇచ్చింది. తాగాను.

ఇందులో ఆమెకు నష్టం ఏమీ లేదు. నూట ఎనభై నాలుగు వస్తుంది, మగ్గం వస్తుంది. మిగిలింది నేను ఎలాగూ తీర్చుతాను. ఆమెకు నష్టం లేదు.

15 జూన్

ఆమెకు నష్టం లేదు.

28 జూన్, సోమవారం

ఇవాళ జరిగినదంతా వరసగా రాస్తాను.

రిసీవరు బ్యాంకు జవాబు కోర్టులో పెట్టాడు. రామచంద్రం లేచి రసీదులు పెట్టాడు. జడ్జి గారు కాగితాలు తిప్పి చూసి, ఆ మనిషిని పిలవండి అన్నారు. నాకు తెలుసు పిలుస్తారని. ఆమెను బస్సులో తీసుకొచ్చింది నేనే. దారిలో ఒకటే చెప్పాను, పైసలు ముట్టినయా అని అడిగితే ముట్టినయ్ అను, అప్పుడే మిగిలినవి ఇస్తరు అని. నా వైపు ఒకసారి చూసి, సరే అంది. 

భూమవ్వ బోనెక్కింది. జడ్జి గారు నెమ్మదిగానే అడిగారు.

"ఈ ముద్రలు నీవేనా?"

"నాయే దొరా."

"పైసలు ముట్టినయా?"

"ముట్టినయ్."

రాజం వకీలు లేచాడు. "మార్చి నెలల నలభై రూపాయలు తీసుకున్నవట. దేనికి ఖర్చు పెట్టినవమ్మా?"

ఆమె నా వైపు చూసింది.

"అటు కాదు, నా దిక్కు చూడు. మే నెలల ఎంత తీసుకున్నవ్?"

"యాదికి లేదు."

"రెండు వందల పదహారు రూపాయలు నీ చేతిల పడ్డయ్. ఒక చీరన్న కొన్నవా? ఇంటి మీద నాలుగు గూన పెంకులన్న కప్పిచ్చినవా? దొంగ సాక్ష్యం చెప్తే ఈడి నుంచే జేలుకు పంపుతరు. నీకెంత ఇస్తనన్నడు ఈ దశరథం?"

కోర్టు నిండా జనం. భూమవ్వ బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది.  నా కోసం, నేను నేర్పిన ఒక్క మాట మీద, ఇంతమంది ముందు దొంగలా నిలబడి ఉంది. నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఇంకో ప్రశ్న అడిగితే ఆమె ఏడుస్తుంది, ఏడిస్తే కేసు పోతుంది అనే ఆలోచన నాకు వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు నాకే భయం వేసింది.

లేచి నిలబడ్డాను. రామచంద్రం నా అంగీ పట్టి లాగాడు.

"ఆమెకు ఒక్క పైస ముట్టలే దొరా," అన్నాను. "నేను తిన్న. ముద్రలు మొన్న నేనే వేయించిన. కాగితంల ఏమున్నదో ఆమెకెరుకలేదు."

జడ్జి గారు రాయడం ఆపి తల ఎత్తారు. 

ఎవరు రాసిచ్చారు అని అడిగారు. నేనే రాశానన్నాను. రామచంద్రం కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. మిల్లు నుంచి వచ్చిన ఉత్తరం ఏదని అడిగారు. ఎక్కడో పోయిందన్నాను. ఆ నాలుగు వందలు నా దుకాణం పుస్తకాల్లో ఎక్కడా లేవు కనుక అవి నావి కావని జడ్జి గారు ఒప్పుకున్నారు. ఖాతాలో మిగిలిన నూట ఎనభై నాలుగూ భూమవ్వకు ఇవ్వమన్నారు. నా ఐదు రూపాయలు రిసీవరుకు. ఖాతా మూసేయాలి. అప్పుల నుంచి నాకు విడుదల లేదు. ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు, దొంగ రసీదులు పుట్టించినందుకు మేజిస్ట్రేటు దగ్గర కేసు నడుస్తుంది.

బయట వేపచెట్టు కింద భూమవ్వ నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పడానికో నాకే తెలియదు.

"నీ కోసం నేను దేవుని మీద ఒట్టేసి అబద్ధమాడిన," అంది. "నువ్వు నాతోని ఒక్క నిజం చెప్పకపోతివి."

వేరే బస్సులో వెళ్లిపోయింది.

29 జూన్

కమలకు చెప్పాను. ఆమె వింటూనే వడ్లు చెరిగింది. అంతా విన్నాక చేట కింద పెట్టి, "వేములవాడ ఆయన భూమవ్వేనా?" అంది.

12 జూలై, సోమవారం

వేలం. నేను వెళ్లకూడదనుకున్నాను, వెళ్లాను. గోడ వెనక నిలబడ్డాను.

రాజం మనుషులు వరసగా పాడుతున్నారు. మూడో మగ్గం దగ్గర భూమవ్వ డెబ్బై అంది. ఎవరో ఎనభై అన్నారు. ఆమె తొంభై అంది. రాజం తన మనిషి భుజం మీద చేయి వేసి ఏదో చెప్పాడు. ఆ మనిషి నోరు మూసుకున్నాడు. మగ్గం తొంభైకి ఆమెదయింది.

రాజాన్ని ఇన్నాళ్లు తిట్టుకున్నాను.

19 జూలై

కమల పొద్దున్నే ఎక్కడికో తయారవుతుంటే అడిగాను.

"భూమవ్వకు నూలు కండెలు చుట్టవోతున్న. వారానికి రెండు రూపాయలు. నా చేతికి ఇయ్యదు, నీ బాకీల పట్టుకుంటది."

"నిన్ను రమ్మన్నదా?"

"నేనే పోయి అడిగిన."

నూలు దుకాణం సేటు భార్య, తన షెడ్డులో నేసిన మనిషికి కండెలు చుట్టడం. ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను. ఎంత దివాలా తీసినా నాలో ఈ సేటు చావడం లేదు.

6 ఆగస్టు

నాకు ఎవరూ పని ఇవ్వడం లేదు. లెక్కలు రాసే పని అడిగితే నవ్వారు. నవ్వరా మరి.

21 ఆగస్టు

మేజిస్ట్రేటు కోర్టు సమన్లు వచ్చాయి. ముప్పైన హాజరు కావాలి. నెలో రెండు నెలలో జైలు పడవచ్చునని రామచంద్రం అన్నాడు. ఫీజు తీసుకోలేదు. ఇంటి మెట్ల దాకా వచ్చి సాగనంపాడు.

30 ఆగస్టు, సోమవారం

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. బస్సు ఇంకా రాలేదు.

కమల పొద్దున్నే జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చి పనికి వెళ్లింది. "నెల అంటే ఎన్నో దినాలు గాదు," అంది. అంతకంటే ఏం అంటుంది.

బస్టాండుకు వచ్చే దారి భూమవ్వ ఇంటి ముందు నుంచే. రెండు నెలలుగా ఆ సందులో నడవలేదు, చుట్టు తిరిగి పోతున్నాను. ఇవాళ ఆ సందులోనే వచ్చాను. గుమ్మంలో నిలబడ్డాను. మగ్గం ఆగింది. లోపల కండెలు చుడుతున్న కమల తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది.

భూమవ్వ బయటికి వచ్చింది. సేటు అని పిలవలేదు. నేనే అన్నాను.

"కరీంనగర్ పోతున్న. కోర్టుల పేషి ఉన్నది."

"కమలవ్వ చెప్పింది." కొంచెం ఆగి, "బాకీల పన్నెండు పోయినయ్. ఇంక రెండు వందల నాలుగు రావాలె. లెక్క కరెక్టేనా?" అంది.

కరెక్టే అని ఉంటే సరిపోయేది. కోర్టు ఒప్పుకున్న లెక్క అది. బ్యాంకు ఒప్పుకున్న లెక్క అది.

"కాదు," అన్నాను. "రెండు వందల యాభై నాలుగు."

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పాను. మిల్లు నుంచి వచ్చిన మనియార్డరు నాలుగు వందలు కాదు, నాలుగు వందల యాభై. ఉత్తరంలో అట్లాగే ఉంది. చదివి చెప్పేటప్పుడు నాలుగు వందలని చదివాను. ఆ రోజు దుకాణం బ్రహ్మాండంగా నడుస్తోంది, నాకు ఏ అప్పూ లేదు, ఏ కష్టమూ లేదు. యాభై రూపాయలు ఊరికే పక్కన పెట్టుకున్నాను. ఇంటికి తిరిగి వచ్చి ఉత్తరం చింపి పొయ్యిలో వేశాను.

ఈ సంగతి ఏ కోర్టుకూ తెలియదు. ఈ డైరీలో కూడా ఎప్పుడూ రాయలేదు. జనవరి నుంచి ఎన్నిసార్లు నాలుగు వందలు అని రాసుకున్నానో, రాసిన ప్రతిసారీ అదే నిజమనిపించింది.

లోపల కమల రాట్నం ఆగిపోయింది.

భూమవ్వ నా ముఖంలోకి చూసింది. నేసిన బట్టను వెలుతురుకు పట్టి చూసినట్టు, తొందర లేకుండా చూసింది.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది.

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, కొమురెల్లి నా షెడ్డులో చేరిన రోజు నుంచి మొదలుపెట్టి.

"లేదు," అన్నాను.

ఆమె నమ్మిందో లేదో తెలియదు. లోపలికి వెళ్లి మగ్గం ఎక్కింది. కమలతో, "రెండు వందల యాభై నాలుగు, యాది పెట్టుకో," అనడం వినిపించింది.

బస్సు వచ్చింది.